వెబ్‌సైట్ మెనూ హెచ్‌టీఎంఎల్‌లో ఎలా పెట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లో చిన్న వ్యాపారాలకి సైట్లు చేసిపెట్టేవాళ్లు, ద్వారకానగర్‌లో కోర్సులో చేరి మొదటి ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లు, మా షాపు సైటు మేమే దిద్దుకుంటాం అనుకునే ఓనర్లు, అందరూ ఎక్కువగా అడిగేది మెనూ గురించే. పేజీలో మిగతాదంతా ఎలాగోలా వచ్చేస్తుంది, పైన ఉండే ఆ నాలుగైదు లింకుల దగ్గరే బండి ఆగిపోతుంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఉదాహరణకి అరకు, బొర్రా గుహలు, లంబసింగి ట్రిప్పులు వేసే ఒక ట్రావెల్స్ సైటు ఉందనుకుందాం, మెనూకి వచ్చే చిక్కులన్నీ అలాంటి సైట్లో కనిపిస్తాయి.

హెచ్‌టీఎంఎల్‌లో పేజీలోని ఒక్కో భాగం ఏమిటో చెప్పే గుర్తుల్ని ట్యాగులంటారు, వాటి పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. ఎడిటర్లో కొట్టేటప్పుడు మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

మెనూ అంటే హెచ్‌టీఎంఎల్ లెక్కలో ఏంటి?

లింకుల జాబితా, అంతే. రంగు, గుండ్రటి మూలలు, మౌస్ పెడితే కిందకి జారే డబ్బా ఇవన్నీ సీఎస్ఎస్ చూసుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ చెప్పాల్సింది "ఇది సైట్లో తిరగడానికి ఉన్న జాబితా, ఇందులో ఇన్ని అంశాలున్నాయి, ఒక్కోటి ఫలానా పేజీకి వెళ్తుంది" అని మాత్రమే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు మీద బోర్డు చూసి ఎక్కుతాం కదా, ఆ బోర్డు ఏ రంగులో ఉందన్నది తర్వాతి మాట, ముందు ఊరి పేరు సరిగ్గా ఉండాలి. సీఎస్ఎస్ మొత్తం తీసేసినా మీ మెనూ చదవడానికి, నొక్కడానికి వీలుగా ఉంటే పని సగం అయిపోయినట్టే. ఈ పేజీలో చాలా జవాబులు తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయి.

సరే, కనీసం ఏమేం ట్యాగులు కావాలి?

నాలుగు. బయట నావ్, దాని లోపల యూఎల్, యూఎల్ లోపల ఒక్కో అంశానికి ఒక ఎల్ఐ, ప్రతి ఎల్ఐ లోపల ఒక ఏ (ఇంగ్లీషు అక్షరం 'ఏ') ట్యాగ్. ఏ ట్యాగ్‌కి హెచ్‌రెఫ్ అని ఒక గుణం ఉంటుంది, వెళ్లాల్సిన పేజీ చిరునామా అందులో రాస్తాం. తెరిచిన వరసకి తలకిందులుగా మూసుకుంటూ రావాలి, ముందు ఏ, తర్వాత ఎల్ఐ, అంశాలన్నీ అయ్యాక యూఎల్, చివర్లో నావ్. మన ట్రావెల్స్ సైటుకి హోమ్, ట్రిప్పులు, ధరలు, ఫోటోలు, సంప్రదించండి అని ఐదు ఎల్ఐలు చాలు.

నావ్ ట్యాగ్ లేకుండా డివ్ పెడితే ఏమవుతుంది? చూడ్డానికి తేడా లేదుగా?

చూడ్డానికి లేదు. కానీ కళ్లు కనిపించనివాళ్లు ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, కంప్యూటర్లో అయితే ఎన్‌వీడీఏ పెట్టుకుని సైటు వింటారు (పేజీని చదివి వినిపించే ఇలాంటివాటినే స్క్రీన్ రీడర్లు అంటారు), వాళ్లకి నావ్ అంటే ఇక్కడ మెనూ ఉందని తెలుస్తుంది, కావాలంటే నేరుగా అక్కడికి దూకొచ్చు, వద్దనుకుంటే దాటేసి వెళ్లిపోవచ్చు. డివ్‌కి అర్థమేమీ లేదు, అదొక ఖాళీ డబ్బా. నావ్ ట్యాగ్ హెచ్‌టీఎంఎల్5తో వచ్చింది, ఆ ప్రమాణాన్ని వెబ్ నియమాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ 2014 అక్టోబర్ 28న ఖరారు చేసింది, కాబట్టి ఇప్పుడు వాడుకలో ఉన్న ఏ బ్రౌజరూ దీన్ని కాదనదు.

పేజీలో లింకులున్న ప్రతిచోటా నావ్ పెట్టక్కర్లేదు. పైన ముఖ్యమైన మెనూకి పెట్టండి, పేజీ కింద ఇంకో పెద్ద జాబితా ఉంటే దానికీ పెట్టొచ్చు. రెండు నావ్‌లు ఉన్నప్పుడు ఏది ఏదో తెలిసేలా ఏరియా-లేబుల్ (ఏరియా అంటే ఇక్కడ ఏ, ఆర్, ఐ, ఏ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు) అనే గుణంలో "ముఖ్య", "పేజీ దిగువ" లాంటి పేర్లు రాయండి. అందులో మళ్లీ "మెనూ" అని రాయకండి, అది మెనూ అన్న సంగతి స్క్రీన్ రీడర్ తనే చెప్తుంది, రెండుసార్లు వినిపిస్తుంది.

యూఎల్ ఎందుకు, లింకులు పక్కపక్కన రాసేస్తే పోలేదా?

పోదు. జాబితాగా రాస్తే స్క్రీన్ రీడర్ "జాబితా, ఐదు అంశాలు" అని ముందే చెప్తుంది, ఇంకా ఎంత వినాలో మనిషికి తెలుస్తుంది. సీఎస్ఎస్ లోడ్ కాకపోయినా ఒకదాని కింద ఒకటి చక్కగా కనిపిస్తాయి, అరకు ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ పోతూ వస్తూ ఉన్నప్పుడు పేజీ సగమే వచ్చిన సందర్భాలకి ఇది నిజంగా పనికొస్తుంది.

లిస్టు ముందు చుక్కలు వస్తున్నాయి, ఎడమవైపు ఖాళీ కూడా ఉంది. ఎలా తీయాలి?

యూఎల్‌కి లిస్ట్-స్టైల్ నన్ అని, ప్యాడింగ్ 0, మార్జిన్ 0 అని ఇవ్వండి. ఆ ఖాళీ మీరు పెట్టింది కాదు, బ్రౌజర్ తనంతట తనే యూఎల్‌కి 40 పిక్సెల్స్ ప్యాడింగ్ ఇస్తుంది.

అడ్డంగా రావాలంటే? డిస్‌ప్లే ఫ్లెక్స్ ఇచ్చినా నిలువుగానే ఉంది.

ఫ్లెక్స్ నావ్‌కి ఇచ్చి ఉంటారు. ఫ్లెక్స్ పనిచేసేది తన నేరుగా లోపలున్న పిల్లల మీదే, నావ్‌కి ఉన్న పిల్ల యూఎల్ ఒక్కటే, ఒక్కదాన్ని వరసలో పెట్టడానికేం ఉంటుంది? ఫ్లెక్స్ యూఎల్‌కి ఇవ్వండి, అప్పుడు ఎల్ఐలు అన్నీ పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో దూరానికి గ్యాప్ వాడండి. పాత పాఠాల్లో ఫ్లోట్ లెఫ్ట్ అనో, ఇన్‌లైన్-బ్లాక్ అనో ఉంటుంది, వాటి జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు. పక్కనే ఫ్లెక్స్-ర్యాప్ ర్యాప్ అని కూడా రాయండి, చోటు చాలనప్పుడు చివరి అంశం స్క్రీన్ బయటికి పోకుండా రెండో వరసలోకి దిగుతుంది.

ఇంకో మాట. ప్యాడింగ్ ఎల్ఐకి ఇవ్వకండి, ఏ ట్యాగ్‌కి ఇచ్చి దానికి డిస్‌ప్లే బ్లాక్ పెట్టండి. ఎల్ఐకి ఇస్తే డబ్బా పెద్దగానే కనిపిస్తుంది కానీ నొక్కితే పనిచేసేది అక్షరాల మీద మాత్రమే. వేలు కాస్త పక్కన పడిందంటే ఏమీ జరగదు, సైటు పాడైందనుకుని మనిషి వెళ్లిపోతాడు.

నొక్కే చోటు ఎంత పెద్దగా ఉండాలి?

డబ్ల్యూసీఏజీ అని వెబ్ అందరికీ అందేలా డబ్ల్యూ3సీ రాసిన నియమాలున్నాయి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2 వెర్షన్ ప్రకారం కనీసం 24 బై 24 సీఎస్ఎస్ పిక్సెల్స్, అందులోనే ఇంకా కఠినమైన స్థాయికి 44 బై 44. నేనైతే 44నే పట్టుకోమంటాను. మన సైట్లు చూసేవాళ్లలో చాలామంది బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో నొక్కేవాళ్లే.

కంప్యూటర్లో బాగుంది, ఫోన్లో చూస్తే అక్షరాలన్నీ చీమల్లా చిన్నగా ఉన్నాయి.

హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మర్చిపోయారు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని సుమారు 980 పిక్సెల్స్ వెడల్పున్న కంప్యూటర్ పేజీ అనుకుని, మొత్తం కుదించి చూపిస్తుంది. మెటా ట్యాగ్‌లో నేమ్ వ్యూపోర్ట్ అని, కంటెంట్‌లో విడ్త్ ఈక్వల్స్ డివైస్-విడ్త్ అని రాస్తే సరిపోతుంది. కొందరు దానికి యూజర్-స్కేలబుల్ నో అని తగిలిస్తారు, అది పెట్టకండి దయచేసి. చత్వారం ఉన్న పెద్దవాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదువుకుంటారు, ఆ ఒక్క దారీ మూసేసినట్టు అవుతుంది.

ఫోన్లో మూడు గీతల బటన్ పెట్టాల్సిందేనా?

లేదు. నాలుగైదు అంశాలే ఉంటే దాచాల్సిన పనేముంది? రెండు వరసల్లో వచ్చినా నష్టం లేదు, కనిపించే లింకుని ఎవరైనా నొక్కుతారు, దాచిన లింకుని వెతికేవాళ్లు తక్కువ. ఏడెనిమిది దాటితే అప్పుడు ఆలోచించండి.

ఆ మూడు గీతల బొమ్మ కొత్తదేం కాదు, 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీసింది. ఇన్నేళ్లయినా అది చూడగానే మెనూ అని అందరికీ తట్టదు, అందుకే పక్కన "మెనూ" అని మాట కూడా రాయండి, రెండక్షరాలే కదా.

పెట్టేటప్పుడు బటన్ ట్యాగే వాడండి, డివ్‌కి ఆన్‌క్లిక్ తగిలించకండి. బటన్ అయితే కీబోర్డుతో కూడా పనిచేస్తుంది, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అనే చదువుతుంది, ఇవేవీ మీరు విడిగా రాయక్కర్లేదు. దానికి ఏరియా-ఎక్స్‌పాండెడ్ అని గుణం ఇచ్చి, మూసి ఉంటే ఫాల్స్, తెరిస్తే ట్రూ అయ్యేలా నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ రాస్తే చాలు. మూసి ఉన్నప్పుడు జాబితాని డిస్‌ప్లే నన్‌తో దాచండి. ఒపాసిటీ 0 పెట్టి దాచితే కంటికి కనిపించదు గానీ ట్యాబ్ నొక్కుతూ వెళ్లేవాళ్లు ఆ కనిపించని లింకుల మధ్య చిక్కుకుపోతారు.

"ట్రిప్పులు" కింద అరకు, బొర్రా, లంబసింగి డ్రాప్‌డౌన్‌గా రావాలి. ఎలా?

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి, నిజంగా కావాలా? మూడు ట్రిప్పులకి డ్రాప్‌డౌన్ ఎందుకండీ, "ట్రిప్పులు" అని ఒక పేజీ పెట్టి అందులో మూడింటి ఫోటోలు, ధరలు, బయల్దేరే టైమూ పెడితే చూసేవాళ్లకి అదే సుఖం. పది పన్నెండు ఉంటే సరే, చేద్దాం.

హెచ్‌టీఎంఎల్‌లో ఎక్కువమంది దెబ్బతినేది లోపలి జాబితా ఎక్కడ పెట్టాలన్న దగ్గర. రెండో యూఎల్‌ని మొదటి యూఎల్‌లో నేరుగా పెట్టకూడదు, "ట్రిప్పులు" ఉన్న ఎల్ఐ మూసే ముందు, దాని లోపలే పెట్టాలి. యూఎల్‌కి నేరుగా లోపల ఎల్ఐలే ఉండాలన్నది నియమం. ఇది తప్పితే కొన్ని బ్రౌజర్లలో బానే కనిపించి, ఎక్కడో ఒకచోట లోపలి జాబితా స్క్రీన్ మూలన తేలి, ఎందుకో తెలీక టెన్షన్ పడతారు.

తర్వాత, తెరవడం ఎలా అన్నది. హోవర్, అంటే మౌస్ పైన పెడితే తెరుచుకోవడం, ఆ ఒక్కదాని మీద ఆధారపడకండి. ఫోన్ మీద హోవర్ అనేదే లేదు, వేలు గాల్లో ఉంటే ఫోన్‌కి తెలీదు. కొన్ని ఫోన్లలో మొదటి తాకుడుకి డబ్బా తెరుచుకున్నట్టే ఉంటుంది, కొన్నిట్లో నేరుగా లింకుకి వెళ్లిపోతుంది. మౌస్ వాడేవాళ్లకి కూడా చేయి వణికితే డబ్బా మూసుకుపోతుంది, ముఖ్యంగా పై అంశానికీ కింది డబ్బాకీ మధ్య మార్జిన్‌తో సందు వదిలితే, మౌస్ ఆ సందు దాటేలోపే మూసుకుపోతుంది. సందు కావాలంటే లోపలి డబ్బాకి ప్యాడింగ్‌తో తెచ్చుకోండి.

అన్నిటికంటే తేలిక, జావాస్క్రిప్ట్ అసలు రానివాళ్లకి కూడా పనికొచ్చేది డీటెయిల్స్, సమ్మరీ ట్యాగుల జోడీ. ఎల్ఐ లోపల డీటెయిల్స్ తెరిచి, సమ్మరీలో "ట్రిప్పులు" అని రాసి, దాని కింద లోపలి యూఎల్ పెట్టండి. నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది, కీబోర్డుతోనూ పనిచేస్తుంది. ఇలాంటివి రెండు మూడు ఉండి, ఒకటి తెరిస్తే ఇంకోటి మూసుకోవాలంటే అన్ని డీటెయిల్స్‌కీ ఒకే నేమ్ ఇవ్వండి, 2024 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని అర్థం చేసుకుంటున్నాయి. పాత ఫోన్లలో ఆ సదుపాయం లేకపోతే రెండూ తెరిచి ఉంటాయి తప్ప ఏదీ చెడదు. బయట ఎక్కడైనా నొక్కితే మూసుకోవడం, ఎస్కేప్ కీతో మూసుకోవడం మాత్రం దీనితో రావు, అవి కావాలంటే బటన్, ఏరియా-ఎక్స్‌పాండెడ్, కాస్త జావాస్క్రిప్ట్, అంటే పై జవాబులో చెప్పిన పద్ధతే.

లోపల మళ్లీ ఇంకో లోపలి డ్రాప్‌డౌన్ మాత్రం వద్దు. అది కావాల్సి వచ్చిందంటే పేజీల విభజన దగ్గరే ఏదో తేడా ఉంది.

రోల్ మెనూ, రోల్ మెనూఐటెమ్ అని పెడితే మంచిదని ఎక్కడో చదివాను.

సైటు నావిగేషన్‌కి వద్దు. అవి అప్లికేషన్లలో ఫైల్, ఎడిట్ లాంటి మెనూల కోసం. అవి పెట్టగానే స్క్రీన్ రీడర్ బాణం కీలతో తిరగడం ఉంటుందని నమ్ముతుంది, మీరేమో ఆ కీలకి కోడ్ రాసి ఉండరు, వినేవాళ్లు ఇరుక్కుంటారు. నావ్, యూఎల్, ఏ చాలు.

తెలుగులో మెనూ పెడితే ఒత్తులు, గుడులు తెగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఇది వివరంగా చెప్తాను, ఎందుకంటే బయట దొరికే మెనూ డిజైన్లు దాదాపు అన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని కొలతగా పెట్టుకుని చేసినవి. ఇంగ్లీషు అక్షరం గీత మీద కూర్చుని కాస్త పైకీ కిందకీ పోతుంది, మన అక్షరం పైన గుడి మోస్తుంది, కింద ఒత్తు మోస్తుంది, "స్త్రీ" లాంటిదైతే రెండు ఒత్తులూ గుడీ కలిసి వస్తాయి. దానికి నిలువు చోటు ఎక్కువ కావాలి.

అందుకని ఎక్కడా హైట్ 40 పిక్సెల్స్ అని గట్టిగా బిగించకండి. ఎత్తు కావాలంటే మిన్-హైట్ ఇవ్వండి, లేదా పైనా కిందా ప్యాడింగ్‌తో తెచ్చుకోండి, అప్పుడు అక్షరాన్ని బట్టి డబ్బా పెరుగుతుంది. లైన్-హైట్ 1.2 ఉంటే 1.6కి తీసుకెళ్లండి, రెండు వరసలయ్యే అంశాలుంటే ఇంకాస్త ఎక్కువైనా పర్లేదు. ఓవర్‌ఫ్లో హిడెన్ ఎక్కడుందో వెతికి తీసేయండి, ఒత్తులు నరికేసేది సాధారణంగా అదే.

అక్షరం సైజు 16 పిక్సెల్స్ కంటే తగ్గించకండి. 13, 14 దగ్గర ఇంగ్లీషు చదవొచ్చు, తెలుగు ఒత్తులు మాత్రం సిరా మరకల్లా కలిసిపోతాయి. లెటర్-స్పేసింగ్ తెలుగుకి అస్సలు వద్దు, పదం విడిపోయి కనిపిస్తుంది. టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ అప్పర్‌కేస్ ఉన్నా మనకి నష్టమూ లేదు లాభమూ లేదు, మనకి పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు లేవు.

ఫాంటు సంగతి. మీరు ఏమీ చెప్పకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు వస్తాయి. మూడింటి వెడల్పూ వేరు, అందుకే మీ ల్యాప్‌టాప్‌లో ఒక వరసలో పట్టిన మెనూ ఇంకొకరి ఫోన్లో రెండు వరసలవుతుంది. అన్నిచోట్లా ఒకేలా ఉండాలంటే గూగుల్ ఫాంట్స్ నుంచి నోటో సాన్స్ తెలుగు పెట్టుకోండి, సన్నం నుంచి బాగా మందం దాకా దానికి అన్నీ ఉన్నాయి. మండలి అందంగా ఉంటుంది, నాకూ ఇష్టం, కానీ దానికి ఒకటే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతల్ని లావు చేసి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, అప్పుడు సున్నాలు, గుడులు పూడుకుపోతాయి. మండలి వాడితే బోల్డ్ మానేసి, తేడా చూపడానికి రంగో గీతో వాడండి.

ఇంకొకటి, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కి ల్యాంగ్ గుణంలో టీఈ అని రాయడం మర్చిపోకండి, హెడ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని కూడా. ల్యాంగ్ సరిగ్గా ఉంటేనే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన మేటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

అది పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్ అయ్యుంటుంది. పెళ్లి కార్డులకీ ఫ్లెక్సీలకీ అది బానే ఉంటుంది, వెబ్‌కి మాత్రం యూనికోడ్ కావాలి. కన్వర్టర్లున్నాయి కానీ మార్చాక ఒత్తులు ఒకసారి చదివి చూసుకోండి. మెనూకి కావాల్సింది ఐదారు మాటలే కాబట్టి ఫోన్ కీబోర్డులో మళ్లీ కొట్టుకోవడమే తొందరగా అయిపోతుంది.

"బుకింగ్‌లు" అని కొడితే గ కింద ల ఒత్తు వచ్చేస్తోంది.

మధ్యలో కనిపించని ఒక గుర్తు కావాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కీబోర్డులో దొరక్కపోతే హెచ్‌టీఎంఎల్‌లో ఆంపర్‌సాండ్ కొట్టి, జడ్ డబ్ల్యూ ఎన్ జే అనే నాలుగు అక్షరాలు రాసి, సెమీకోలన్ పెట్టండి, పొల్లు పొల్లుగానే నిలబడుతుంది.

మెనూ పేర్లు తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా?

మీ దగ్గరికి వచ్చేవాళ్లు నోటితో ఏమంటారో అదే రాయండి. "ధరలు" అంటారు, "ఫోటోలు" అంటారు, "బుకింగ్" అంటారు. బొర్రా చూడ్డానికి ఒడిశా, బెంగాల్ నుంచి కూడా చాలామంది వస్తారు కాబట్టి ట్రావెల్స్ సైటుకి ఇంగ్లీషు పేజీలు విడిగా పెట్టి, మెనూ చివర భాష మార్చుకునే లింకు ఇవ్వడం మంచిది. ఆ లింకు మీద భాష పేరు ఆ భాషలోనే రాయండి, జెండా బొమ్మ పెట్టకండి, మన దేశంలో ఒక జెండా కింద ఎన్ని భాషలున్నాయో తెలిసిందే.

ఏ పేజీలో ఉన్నామో మెనూలో ఎలా చూపించాలి?

ఆ పేజీ లింకుకి ఏరియా-కరెంట్ అని గుణం పెట్టి విలువ పేజ్ అని రాయండి. సీఎస్ఎస్‌లో ఆ గుణం ఉన్న లింకునే పట్టుకుని కింద మందపాటి గీత ఇవ్వండి. విడిగా యాక్టివ్ అని క్లాస్ అక్కర్లేదు, ఒక్క గుర్తు కంటికీ చెవికీ రెండింటికీ పనిచేస్తుంది. రంగు ఒక్కటే మార్చి వదిలేయకండి, రంగులు తేడా తెలియనివాళ్లకి అది కనిపించదు.

హెడర్‌లో బీచ్ ఫోటో పెట్టి దాని మీద తెల్ల అక్షరాల మెనూ పెట్టాం. బాగుంటుందా?

మన ఊళ్లో ఇది ప్రతి రెండో సైట్లో కనిపిస్తుంది, ఆర్కే బీచ్ గానీ, కైలాసగిరి పైనుంచి తీసిన తీరం గానీ. ఫోటో బాగుంటుంది, దాని మీద మెనూ మాత్రం చదవలేం. నీలం నీళ్ల మీద ఉన్న మాట కనిపిస్తుంది, నురుగు మీదకి వచ్చిన మాట మాయమవుతుంది, స్క్రీన్ సైజు మారితే ఇంకో మాట మాయమవుతుంది. మెనూ వెనక ముదురు రంగు పట్టీ ఒకటి వేయండి, ఫోటో దాని కింద నుంచి మొదలవనివ్వండి.

కొలత కావాలంటే, మామూలు సైజు అక్షరానికీ వెనకరంగుకీ కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ నియమం, పెద్ద అక్షరాలకి 3కి 1. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో రంగు గడి మీద నొక్కితే ఆ అంకె చూపిస్తుంది. మే నెల మధ్యాహ్నం రుషికొండలో నిలబడి ఫోన్ చూసే మనిషికి 4.5 కూడా తక్కువే, వీలైతే 7 దాకా తీసుకెళ్లండి.

లింకు మీద క్లిక్ చేస్తే చుట్టూ గీత వస్తోంది, ఔట్‌లైన్ నన్ పెట్టేయొచ్చా?

పెట్టొద్దు. ఆ గీత కీబోర్డుతో తిరిగేవాళ్లకి "ఇప్పుడు ఇక్కడున్నావు" అని చెప్పేది. మౌస్‌తో నొక్కినప్పుడు రాకూడదు, కీబోర్డు వాడినప్పుడు మాత్రమే రావాలి అనుకుంటే ఫోకస్-విజిబుల్ అనే సెలెక్టర్‌లో మీకు నచ్చిన ఔట్‌లైన్ ఇచ్చుకోండి.

స్క్రోల్ చేసినా మెనూ పైనే ఉండాలి.

పొజిషన్ స్టికీ, టాప్ 0. పనిచేయకపోతే పైనున్న ఏదో ఒక డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటుంది చూడండి. పేజీ లోపలి లింకు నొక్కితే శీర్షిక మెనూ వెనక దాక్కుంటోందంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కి స్క్రోల్-ప్యాడింగ్-టాప్ ఇవ్వండి, మెనూ ఎంత ఎత్తుంటే అంత. ఫోన్లో మాత్రం లోగో, మెనూ, ఫోన్ నంబరు అన్నీ అతికించి సగం స్క్రీన్ ఆక్రమించకండి.

ఫోన్ నంబరు మెనూలో పెట్టొచ్చా?

తప్పకుండా. ట్రావెల్స్, లాడ్జి, క్లినిక్ లాంటి వాటికి సగం మంది సైటుకి వచ్చేది నంబరు కోసమే. హెచ్‌రెఫ్‌లో టెల్ అని రాసి, కోలన్ పెట్టి, ప్లస్ 91తో సహా నంబరు రాస్తే నొక్కగానే డయల్ అవుతుంది. బొమ్మగా మాత్రం పెట్టకండి, బొమ్మలో ఉన్న నంబరుని కాపీ చేసుకోలేరు.

మా సిస్టమ్‌లో లింకులన్నీ పనిచేస్తున్నాయి, హోస్టింగ్‌లో పెట్టాక పేజీ దొరకలేదని 404 వస్తోంది.

ఎక్కువసార్లు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడానే. విండోస్‌కి అవి రెండూ ఒకటే, హోస్టింగ్ సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీద నడుస్తాయి, దానికి వేరు. ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా, రెండు మాటల మధ్య హైఫన్‌తో పెట్టుకోండి. హెచ్‌రెఫ్‌లో మీ సి డ్రైవ్ దారి ఉందేమో కూడా చూడండి, అది మీ కంప్యూటర్లో తప్ప ఎక్కడా ఉండదు.

ఫైలు పేర్లు తెలుగులో పెట్టాలని కొందరికి ముచ్చట. పనిచేస్తుంది, కానీ ఆ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తులతో పొడుగ్గా మారిపోతుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోదానికి మూడు బైట్లు, బైటుకి మూడు గుర్తులు, అంటే "అరకు" అన్న చిన్న మాటే 36 గుర్తులవుతుంది. చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, కనిపించే పేరు తెలుగులో పెట్టండి.

పది పేజీలున్నాయి, మెనూ మారిస్తే పది చోట్లా మార్చాలా?

మార్చక్కర్లేదు. హోస్టింగ్‌లో పీహెచ్‌పీ ఉంటే మెనూని ఒక ఫైల్లో పెట్టి ప్రతి పేజీలో ఇంక్లూడ్ అని పిలవండి, ఇదే తేలిక. పీహెచ్‌పీ లేకపోతే ఎలెవెంటీ, హ్యూగో లాంటివి పేజీలన్నీ ముందే తయారుచేసి ఇస్తాయి. జావాస్క్రిప్ట్‌తో మెనూ తెచ్చి అతికించే పద్ధతి కూడా ఉంది, నాకు నచ్చదు, స్క్రిప్ట్ ఆగితే మెనూయే ఉండదు.

మాకు టేబుళ్లతో, ఫ్రేములతో మెనూ చేయడం నేర్పారు. అది తప్పా?

ఒకప్పుడు వేరే దారి లేదు. ఫ్రేమ్‌సెట్‌ని హెచ్‌టీఎంఎల్5లో పూర్తిగా తీసేశారు. టేబుల్ ఇంకా ఉంది, కానీ అది ధరల పట్టికకి, రైలు టైములకి. మార్క్యూ కూడా తీసేసిన జాబితాలోనే ఉంది. మెనూ లింకులు కదులుతూ ఉంటే వేలితో పట్టుకోవడం ఎలా?

బూట్‌స్ట్రాప్ నావ్‌బార్ వాడేస్తే గొడవ ఉండదుగా?

వాడొచ్చు, బూట్‌స్ట్రాప్ అంటే ముందే రాసి ఉంచిన సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌ల కట్ట, చాలా సంగతులు అందులో సరిగ్గానే చేసి ఉంటాయి. ఐదు లింకుల కోసమే అయితే అంత బరువు అనవసరం. వాడినా సరే, పైన తెలుగు గురించి చెప్పిన లైన్-హైట్, ఫాంటు సంగతులు మీరే చూసుకోవాలి.

స్కిప్ లింక్ అంటే?

బాడీ మొదలవగానే పెట్టే మొదటి లింకు, "అసలు విషయానికి వెళ్లండి" అని. ట్యాబ్ నొక్కితేనే కనిపిస్తుంది. ప్రతి పేజీలోనూ మెనూ మొత్తం దాటుకుంటూ పోయే బాధ తప్పుతుంది. మెయిన్ ట్యాగ్‌కి ఒక ఐడీ ఇచ్చి, హెచ్‌రెఫ్‌లో హ్యాష్ గుర్తు పక్కన ఆ ఐడీ రాస్తే పని అయిపోతుంది.

అంతా అయ్యాక ఎలా చెక్ చేయాలి?

ముందు డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్లో పేజీ వేయండి, మూయని ట్యాగులు, తప్పు చోట పెట్టిన యూఎల్‌లు అక్కడే పట్టుబడతాయి. తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్‌లతో ప్రతి లింకుకీ వెళ్లి చూడండి. జూమ్ 200 శాతం పెట్టి చూడండి. ఫోన్లో అక్షరం సైజు పెద్దది చేసి చూడండి, చాలామంది అమ్మానాన్నల ఫోన్లు అలాగే ఉంటాయి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్లు మూసుకుని ఒకసారి వినండి. చివరగా, మీ సైటు ఎప్పుడూ చూడని ఒకరికి ఫోన్ ఇచ్చి "లంబసింగి ట్రిప్ ఎంతో చూసి చెప్పండి" అని అడిగి పక్కన ఊరికే కూర్చోండి, ఎక్కడ ఆగారో గమనించండి, మీరు మధ్యలో చెప్పకండి.

సీజన్‌ని బట్టి మెనూ మార్చొచ్చా? చలికాలం అయ్యాక లంబసింగి తీసేద్దామనుకుంటున్నాం.

మార్చొచ్చు. అంశాల వరస మాత్రం మార్చకండి, తరచూ వచ్చేవాళ్ల వేలు ఆ చోటుకి అలవాటు పడి ఉంటుంది. లంబసింగి లింకు మెనూలోంచి తీసినా పేజీ ఉంచేయండి, "మళ్లీ నవంబర్‌లో మొదలవుతుంది" అని పైన ఒక లైను రాసి. గూగుల్‌లోంచి, పాత వాట్సాప్ మెసేజ్‌ల్లోంచి నేరుగా ఆ పేజీకి వచ్చేవాళ్లు ఉంటారు. పేజీని పూర్తిగా తీసేయాల్సి వస్తే పాత చిరునామా నుంచి ట్రిప్పుల పేజీకి 301 రీడైరెక్ట్ పెట్టండి, చాలా హోస్టింగ్ ప్యానెళ్లలో రీడైరెక్ట్స్ అని దానికి విడిగా ఒక చోటుంటుంది.